సీటు కింద చిన్న ఊఫర్: కొనే ముందు నుంచి ట్యూనింగ్ దాకా

కారులో పాట బాగా వినపడాలంటే డిక్కీ నిండా ఊఫర్ పెట్టె, అంటే లోతైన బేస్ మోగించే పెద్ద స్పీకరు, ఉండాల్సిందేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఒంగోలులో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతూ అలాంటి పెట్టెలు బిగించిందీ నేనే, కొన్నాళ్లకు వాటిని విప్పి ఇచ్చిందీ నేనే. పండక్కి ఊరెళ్లేటప్పుడు బియ్యం మూట, పచ్చడి జాడీలు, పిల్లల బ్యాగులు పెట్టుకునే చోట ఊఫర్ ఉంటే ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు ఊరుకుంటారు? సీఎన్‌జీ బండికైతే ఆ ఆలోచనే అక్కర్లేదు, డిక్కీలో సగం సిలిండరే. ఇలాంటి బండ్లకు ముందు సీటు కింద పట్టే చిన్న ఊఫర్ సరిపోతుంది. కొంచెం ఓపిక, ఒక మల్టీమీటరు ఉంటే ఆదివారం పూట ఇంటి ముందే బిగించుకోవచ్చు.

అయితే దీని నుంచి ఏం ఆశించాలో ముందే తేల్చుకోండి. వీధి మొత్తం తిరిగి చూడాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. కంపెనీవాళ్లు తలుపుల్లో పెట్టే ఆరున్నర అంగుళాల స్పీకర్లు సుమారు 80 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి నీరసపడిపోతాయి. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. పెళ్లి మేళంలో డోలు బరువు వైపు, మృదంగంలో ఎడమ చేతి దెబ్బలోని లోతు కూడా ఆ స్పీకర్లలో సగమే వినపడుతుంది. మనమేమో ఆ లోటు పూడ్చుకోవడానికి స్టీరియోలో బేస్ పెంచుతాం, తలుపు ప్లాస్టిక్ బరబరా కొట్టుకుంటుంది, గాయకుడి గొంతు బురదలో పడ్డట్టు అవుతుంది. చిన్న ఊఫర్ ఆ కింది పని తను తీసుకుని తలుపు స్పీకర్లను తేలిక చేస్తుంది. అందుకే బాగా కుదిరిన బండిలో మొదట తెలిసే తేడా బేస్‌లో కాదు, గొంతులో. హైవే ఎక్కి కావలి వైపు వంద మీద వెళ్తున్నప్పుడు టైర్ల హోరు మింగేసేది కూడా ఈ కింది శబ్దాన్నే. ఊఫర్ ఉంటే వాల్యూమ్ అంతగా పెంచాల్సిన పని ఉండదు.

కొనేటప్పుడు

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే వాట్లను నమ్మొద్దు. అది 'మాక్స్' లెక్క. పక్కన చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు, అదొక్కటే చూడండి. సీటు కింది ఊఫర్లలో మామూలుగా 50 నుంచి 125 వరకు ఉంటుంది. ఎనిమిది అంగుళాల స్పీకరుతో, ఆంప్లిఫయర్ లోపలే ఉన్న 75 వాట్ల ఆర్‌ఎంఎస్ ఊఫర్ ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు చాలు. ఆర్‌ఎంఎస్ అంకే ఎక్కడా వేయకుండా వేలల్లో వాట్లు రాసిన డబ్బా కనపడితే దాన్ని అక్కడే వదిలేసి రండి.

రెండోది, 'హై లెవెల్ ఇన్‌పుట్' ఉందా లేదా అడగండి. ఇప్పుడొచ్చే చాలా బండ్లలో కంపెనీ టచ్ స్క్రీనే ఉంటోంది. దాని వెనక ఊఫర్‌కు ప్రత్యేకంగా సిగ్నల్ ఇచ్చే ఆర్‌సీఏ పిన్నులు చాలావాటిలో ఉండవు. అప్పుడు స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవాలి. ఆ సదుపాయం ఊఫర్‌లోనే ఉంటే పని సగం తగ్గుతుంది. మూడోది, వైరుతో వచ్చే చిన్న బేస్ నాబ్. అది లేకపోతే ఊఫర్ కొన్నా కొననట్టే. ఎందుకో ట్యూనింగ్ దగ్గర చెప్తాను.

ఇక కొలత. ఇక్కడ తొందరపడి కొన్నవాళ్లే ఎక్కువ. సీటు కింద ఖాళీ చూడ్డానికి బాగానే కనపడుతుంది. మనిషి కూర్చుంటే సీటు అడుగు స్ప్రింగులు కిందికి దిగుతాయి, ముందుకు వెనక్కు జరిపితే పట్టాల మధ్య ఉన్న కడ్డీ అడ్డొస్తుంది. టేపు పెట్టి కొలిస్తే ఇవి తెలియవు. ఇంట్లో చపాతీ పిండి ఉంటే నాలుగు ముద్దలు ఎత్తుగా చేసి, పాలిథిన్ కవరులో చుట్టి, సీటు కింద నాలుగు మూలలా పెట్టండి. బాగా బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. ఎత్తు మార్చుకునే సీటయితే పూర్తిగా కిందికి దించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరపండి. తర్వాత ముద్దలు బయటికి తీసి, అణిగిన చోట స్కేలు పెట్టి చూడండి. అన్నిటికన్నా పల్చగా అణిగిన ముద్ద ఎంత ఉందో అదే మీ అసలు ఎత్తు. ఊఫర్ దానికన్నా కనీసం ఒక సెంటీమీటరు తక్కువ ఉండాలి. ఈ ఊఫర్లలో చాలావాటి మందం ఏడెనిమిది సెంటీమీటర్లు, కాబట్టి అర సెంటీమీటరు తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

కొన్ని బండ్లలో ముందు సీటు కింద వెనకవాళ్లకు ఏసీ గాలి పంపే గొట్టం ఉంటుంది. కొన్ని మైల్డ్ హైబ్రిడ్ బండ్లలో ఆ సీటు కిందే రెండో బ్యాటరీ పెడతారు. టార్చి వేసి వంగి చూడకుండా ఆర్డరు పెట్టకండి.

చూసేటప్పుడే సీటు కింది కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా అదమండి. తడి తగిలితే పని అక్కడ ఆపేయాలి. మన దగ్గర ఎండాకాలం నాలుగు నెలలూ ఏసీ ఆపకుండా తిరుగుతాం. ఏసీ నీళ్లు బయటికి పోయే సన్న పైపు దుమ్ముతో మూసుకుపోతే ఆ నీళ్లు డ్యాష్‌బోర్డు కింద నుంచి కార్పెట్ అడుగుకు చేరతాయి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లలో ఇది మరీ మామూలు, గ్రానైటు పొడి గట్టిపడి పైపులో బిరడాలా కూర్చుంటుంది. పైన మ్యాటు పొడిగానే ఉంటుంది, కింద నురుగు నిండా నీళ్లు. ముందు ఆ పైపు శుభ్రం చేయించి, కార్పెట్ లేపి ఎండబెట్టి, ఆ తర్వాత ఊఫర్ సంగతి చూడండి.

వైరు, ఫ్యూజు

75 వాట్ల ఆర్‌ఎంఎస్ ఊఫర్ గట్టిగా మోగేటప్పుడు తొమ్మిది పది ఆంపియర్లు లాగుతుంది. లోపల వేడిగా పోయేదీ కలుపుకుంటే బ్యాటరీ నుంచి 120 వాట్లకు అటూఇటూ తీసుకుంటుంది, దాన్ని 13.8 వోల్టులతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. కాబట్టి స్టీరియో వెనక ఉన్న సన్న వైరు నుంచి గానీ, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి గానీ ప్లస్ తీసుకోకూడదు. నేరుగా బ్యాటరీ నుంచే లాగాలి.

వైరు 4 స్క్వేర్ ఎంఎం రాగి తీసుకోండి. బ్యాటరీ నుంచి సీటు దాకా నాలుగు మీటర్లు అనుకుంటే, పది ఆంపియర్ల దగ్గర ఇది పోగొట్టేది 0.2 వోల్టు లోపే. ఇంటి వైరింగులో మిగిలిన 1 ఎంఎం వైరు వాడితే 0.7 వోల్టు దాకా పోతుంది, వైరు వేడెక్కుతుంది, గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా ఊఫర్ ఊపిరాడనట్టు మూలుగుతుంది. 'ఆంప్లిఫయర్ వైరింగ్ కిట్' పేరుతో చవగ్గా వచ్చే వాటిలో చాలావరకు పైకి రాగి పూత, లోపల అల్యూమినియం. బ్లేడుతో ఒక పోగు గీకి చూడండి, తెల్లగా కనపడితే అది అల్యూమినియమే. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు సముద్రపు గాలికి అది వైరు కొసకు నొక్కే లోహపు లగ్గు దగ్గరే తెల్లటి పొడి కట్టి తెగిపోతుంది. మంచి రాగి వైరుకు అయ్యే ఖర్చు ఊఫర్ ఖరీదు ముందు ఎంత?

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. ఊఫర్‌లో ఎలాగూ ఫ్యూజు ఉంది కదా అని కొందరు దీన్ని వదిలేస్తారు. ఊఫర్‌లోని ఫ్యూజు ఊఫర్‌ను కాపాడుతుంది, వైరును కాపాడదు. బ్యాటరీకీ సీటుకీ మధ్య ఎక్కడైనా వైరు తొడుగు ఒరిసి బాడీకి తగిలితే బ్యాటరీ శక్తంతా ఆ వైరులోనే పారుతుంది. అది ఆర్పే లోపు కార్పెట్ అంటుకుంటుంది. 75 వాట్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఊఫర్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయడం కాదు, ఎక్కడ తగులుతుందో వెతకాలి.

పని మొదలుపెట్టే ముందు తాళం తీసేసి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ విప్పి పక్కకు పెట్టండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. ఐదు నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు రంగు కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు, కనపడతాయి, అవి ఎయిర్‌బ్యాగ్‌కూ సీటు బెల్టుకూ సంబంధించినవి. వాటిని విప్పొద్దు, లాగొద్దు, వాటి వైర్లకు మన వైరును టేపుతో కట్టొద్దు. సీటు మొత్తం విప్పి తీస్తే పని సులువే కానీ, ఆ కప్లర్ ఊడి ఉండగా ఎవరైనా తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్కానర్ పెడితే గానీ ఆరదు. అందుకే నేను సీటు తీయను, పూర్తిగా వెనక్కు జరిపి ముందు నుంచి, ముందుకు జరిపి వెనక నుంచి పని చేస్తాను. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఇంకో మాట. నారింజ రంగు వైరు కనపడిన చోటికి చెయ్యి పోనివ్వకండి, ఆ బండ్లకు ఈ పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించుకోండి.

ఇంజను వైపు నుంచి లోపలికి వైరు తేవడానికి కొత్త బెజ్జం అవసరం దాదాపుగా రాదు. పెద్ద వైర్ల కట్ట వెళ్లే బెజ్జానికి గ్రామెట్ అనే రబ్బరు తొడుగు ఉంటుంది. దానికి చిన్న గాటు పెట్టి, ఇనప తీగకు వైరు కొస కట్టి లోపలికి నెట్టండి. ఇంజను వైపు ఉన్నంత మేరా నల్లటి ఫ్లెక్సిబుల్ పైపు తొడగండి, సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగా పోనివ్వండి. లోపలికి వచ్చాక గడప పక్కన ఉండే ప్లాస్టిక్ పట్టీ లేపితే కంపెనీ వైర్లు పోయే కాలువ కనపడుతుంది, మనదీ అందులోనే. ప్లస్ వైరు ఒక పక్క గడప నుంచి వస్తే ఆర్‌సీఏ వైరును రెండో పక్క నుంచి తెచ్చుకోండి. రెండూ కలిసి పక్కపక్కన నడిస్తే ఇంజను కూత పాటలోకి వస్తుంది. ఎక్కడైనా దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

ఎర్తు

నా దగ్గరికి 'ఊఫర్ పోయింది' అని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి పోయింది ఊఫర్ కాదు, ఎర్తు, అంటే ఊఫర్ మైనస్‌ను బండి బాడీకి కలిపే వైరు. అందుకే ఈ ఒక్క చోట అరగంట ఎక్కువ పెట్టండి.

దగ్గర్లో ఉంది కదా అని సీటు బోల్టుకే ఎర్తు బిగించడం అందరికీ అలవాటు. నేను బిగించను. ఆ బోల్టు పని సీటును, ప్రమాదంలో మనిషిని పట్టుకోవడం. దానికింద లగ్గు పెడితే బిగువు మారుతుంది. పైగా ఆ చోట రంగు, జిగురు మందంగా ఉంటాయి. సీటు బెల్టు బోల్టునైతే అస్సలు ముట్టుకోకూడదు. డ్యాష్‌బోర్డు చివర, కాళ్ల పక్కన ఉండే ప్లాస్టిక్ కవరు లాగి చూస్తే చాలా బండ్లలో కంపెనీవాళ్లే కొన్ని నల్ల వైర్లను ఒక బోల్టుకు చేర్చి బాడీకి బిగించి ఉంటారు. అదే మంచి చోటు. అది దూరమైతే గేరు పక్కన కన్సోల్ కింద బాడీకి వెల్డింగ్ చేసిన బోల్టు ఏదైనా వెతకండి. ఎర్తు వైరు అర మీటరు దాటకుండా, ప్లస్ వైరు ఎంత లావో అంతే లావు ఉండాలి.

నేల రేకుకు కొత్తగా బెజ్జం వేయాలనే ఆలోచన మాత్రం మానుకోండి. దాని అడుగున బ్రేకు పైపు, పెట్రోలు పైపు పోతుంటాయి, చాలా హ్యాచ్‌బ్యాకుల్లో వెనక సీటు కిందే ట్యాంకు ఉంటుంది.

బోల్టు విప్పాక లగ్గు కూర్చునేంత చోటును 80 నంబరు ఎమెరీ కాగితంతో గీకండి. మొదట పై రంగు పోతుంది, దాని కింద బూడిద రంగు ప్రైమర్ కనపడుతుంది. చాలామంది దాన్నే ఇనుము అనుకుని ఆపేస్తారు. ఇంకా గీకాలి. టార్చి వెలుగులో కొత్త పైసలా మెరిసే దాకా రావాలి. వైరు కొసను అరంగుళం ఒలిచి, పోగులన్నీ మెలేసి రింగు లగ్గులోకి దూర్చి, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే చూడ్డానికి అణుగుతుంది, గట్టిగా గుంజితే ఊడొస్తుంది. గుంజి చూసి, ఊడకపోతే పైన స్లీవ్ వేసి వేడి చేయండి. రేకుకూ లగ్గుకూ మధ్య పళ్లున్న వాషర్ పెట్టి బిగించండి. అంతా అయ్యాక గీకిన చోటంతా కప్పేలా పైన గ్రీజు గానీ రంగు గానీ పూయండి. ముందే పూస్తే లాభం లేదు, బిగించాకే పూయాలి. సముద్రం వైపు ఊళ్లవాళ్లు ఇది వదిలేస్తే ఒక్క వానాకాలంలోనే ఎర్ర తుప్పు పట్టేస్తుంది.

ఎర్తు బాగుందో లేదో తెలుసుకోవడానికి మల్టీమీటరులో ఓమ్స్ పెట్టి చూడొద్దు. ఇంత చిన్న నిరోధం దగ్గర ప్రోబుల నిరోధమే తప్పు చూపిస్తుంది. అంతా కలిపి పాట పెట్టాక డీసీ వోల్టులలో ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఊఫర్ మైనస్ స్క్రూ మీద పెట్టండి. ప్రోబు వైరు అంత దూరం రాకపోతే ఏదైనా వైరు ముక్క జోడించుకోండి. గట్టి బీటు పడేటప్పుడు కూడా 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్తు బ్రహ్మాండం. 0.3 దాటితే మళ్లీ విప్పి గీకాల్సిందే.

'ఎర్తును కూడా నేరుగా బ్యాటరీ మైనస్‌కే లాగేస్తే పోలా అన్నా?' అని అడుగుతుంటారు. సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజను ఆగిపోయే రకం బండ్లలో ఆ మైనస్ మీద ఒక సెన్సార్ కూర్చుని ఉంటుంది, బ్యాటరీలోంచి పోయే ప్రతి ఆంపియరూ లెక్కపెడుతుంది. మనం దాన్ని దాటేసి పోల్ మీద బిగిస్తే దాని లెక్క తప్పుతుంది. బాడీకే బిగించండి.

సిగ్నల్, ఆన్ వైరు

స్టీరియో వెనక ఆర్‌సీఏ ఉంటే ఆ జత వైర్లు పెట్టేస్తే అయిపోయింది. లేకపోతే హై లెవెల్. స్టీరియో లాగి, వెనక కప్లర్‌కూ స్టీరియోకూ మధ్య పెట్టే రెడీమేడ్ అడాప్టర్ వైరింగ్ మీ బండి మోడల్‌కు దొరికితే కొనుక్కోండి. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకుండా పని అవుతుంది, వారంటీ గొడవ రాదు. బయట దొరికే వైరింగ్‌లో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, పచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది మైనస్. కంపెనీ వైర్ల రంగులు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటాయి, వాటిని ఈ లెక్కతో చూడకండి.

వెనక స్పీకర్ల నుంచి తీసుకుంటే స్టీరియోలో శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లకు పంచే ఫేడర్‌ను పూర్తిగా ముందుకు తిప్పకూడదు, తిప్పితే ఊఫర్ కూడా మూగబోతుంది. రోజూ ఒంటరిగా తిరిగే మనిషైతే ముందు స్పీకర్ల నుంచే తీసుకోవడం మేలు.

ఇక్కడ ఒక్క ప్రమాదం ఉంది. స్పీకరు మైనస్ అంటే ఎర్తు కాదు. కారు స్టీరియోల్లో ఆ రెండు వైర్ల మీదా సుమారు ఆరు వోల్టులు ఉంటాయి. మైనస్ కదా అని దాన్ని బాడీకి తగిలిస్తే స్టీరియోలోని ఐసీ కాలిపోయే అవకాశం ఉంది. టెస్ట్ ల్యాంపు పెట్టి కూడా వాటిని వెతకొద్దు. ఏ వైరు ఏ స్పీకరుదో తేలకపోతే, కప్లర్ పూర్తిగా ఊడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టు సెల్‌ను ఆ రెండు వైర్లకు ఒక్క క్షణం తాకించండి. 'టక్' మన్న స్పీకరే దానిది. కోను బయటికి వచ్చిందంటే సెల్ ప్లస్ తాకిన వైరే ప్లస్.

ఆన్ అవడానికి నీలం రంగు రిమోట్ వైరు ఉంటుంది. చాలా ఊఫర్లు స్పీకరు వైర్ల మీద ఉండే ఆ ఆరు వోల్టులను చూసి తామే ఆన్ అవుతాయి, అప్పుడు ఈ వైరు అక్కర్లేదు. ఆ సదుపాయం లేకపోతే ఫ్యూజు బాక్సులో తాళం తీస్తే ఆగిపోయే ఫ్యూజు ఒకటి చూసుకుని, ఫ్యూజు ట్యాప్ అనే చిన్న ముక్కతో అక్కడి నుంచి తీసుకోండి. సిగరెట్ లైటర్‌ది అయితే మంచిది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజను అని రాసి ఉన్న ఫ్యూజుల జోలికి పోవద్దు. ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపితే ఊఫర్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, తెల్లారి బండి కదలదు. కనిగిరి నుంచి పెళ్లికి వచ్చిన ఒక బండి కల్యాణ మండపం ముందు ఇలాగే నిలబడిపోయింది. పెళ్లికొడుకు తరఫువాళ్లంతా తోశారు.

కూర్చోబెట్టడం

ఊఫర్‌ను ఊరికే కార్పెట్ మీద పెట్టి వదిలేయకండి. మూడు నాలుగు కిలోల పెట్టె అది, గట్టి బ్రేకు వేస్తే డ్రైవరు కాళ్లలోకి జారి బ్రేకు పెడలు కిందికి పోవచ్చు. దాంతో వచ్చే క్లాంపులు, బెల్టు, లావు వెల్క్రో వాడండి. ఏ వైపు పెట్టినా బేస్‌లో పెద్ద తేడా ఉండదు. 80 హెర్ట్జ్ శబ్దం అలపొడవే నాలుగు మీటర్లు దాటుతుంది, అంటే మన కారు క్యాబిన్ కన్నా ఎక్కువ. అందుకే డ్రైవరు సీటు కింద కంటే పక్క సీటు కింద పెట్టమంటాను, పెడల్స్‌కు దూరంగా ఉంటుంది. వేడి పోవడానికి ఊఫర్ పైన ఉండే రెక్కల మీద మ్యాటు, పాత న్యూస్‌పేపర్లు, నీళ్ల బాటిళ్లు పడకుండా చూడండి. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే గట్టిగా పెడితే పది నిమిషాలకు అది తనంతట తనే ఆగిపోవచ్చు. పోయిందని కంగారు పడకండి, లోపల వేడి రక్షణ ఆపింది. ఏసీ వేసి కాసేపు చల్లబడనివ్వండి, మళ్లీ మోగుతుంది.

ట్యూనింగ్

బిగించడంలో ఒళ్లు వంచినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి బద్ధకిస్తారు. అన్ని నాబులూ సగానికి తిప్పి 'అయిపోయిందిలే' అంటారు.

స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నా చేయండి. లౌడ్‌నెస్, బేస్ బూస్ట్ ఆపేయండి. ఊఫర్ మీద గెయిన్ పూర్తిగా తగ్గించి, లో పాస్ (ఆ అంకెకు కింది శబ్దాలనే ఊఫర్‌కు వదిలే నాబ్) 80 దగ్గర పెట్టండి. మీకు బాగా తెలిసిన పాట, గొంతూ డ్రమ్మూ రెండూ ఉన్నది పెట్టండి. పాట నాసిరకం ఫైలు కాకుండా చూసుకోండి, ఎవరో పెన్‌డ్రైవులో వెయ్యి పాటలు కుక్కి ఇచ్చినవి చాలావరకు పనికిరావు. వాల్యూమ్ ముప్పావు దాకా పెంచి, గెయిన్ మెల్లగా తిప్పండి. ఒక చోట దెబ్బ గుండ్రంగా ఉండటం మానేసి చిరిగినట్టు వినపడుతుంది. అక్కడి నుంచి కొంచెం వెనక్కు రండి. అంతే, ఇక గెయిన్ ముట్టుకోవద్దు. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కూ ఊఫర్‌కూ జత కుదిర్చే నాబ్. రోజూ పాటను బట్టి ఎక్కువ తక్కువ చేసుకోవడానికే వైరు నాబ్ ఉన్నది. దాన్ని హ్యాండ్ బ్రేక్ దగ్గర చెయ్యి అందేలా పెట్టుకోండి. పాత పాటలకు, వార్తలకు తగ్గించుకోవచ్చు.

తర్వాత ఫేజ్ స్విచ్. డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపులన్నీ మూసి, ఇంకొకరితో 0 నుంచి 180కి మార్పించండి. రెండిట్లో ఏది బేస్‌ను నిండుగా, డ్యాష్‌బోర్డు వైపు నుంచి వస్తున్నట్టు వినిపిస్తే అది ఉంచండి. బయట నిలబడి వింటే ఇది తెలియదు. స్టీరియోలో హై పాస్ సెట్టింగు (ఆ అంకెకు పై శబ్దాలనే వదిలేది) ఉంటే తలుపు స్పీకర్లకు 80 పెట్టండి. బేస్ మీ పక్క సీటు కింద నుంచే వస్తున్నట్టు తెలుస్తుంటే లో పాస్ 70కి తగ్గించి, నాబ్ కూడా ఒక గీత తగ్గించండి. కుదిరిన ఊఫర్ ఎక్కడుందో కొత్తగా బండెక్కినవాళ్లు కనిపెట్టలేరు.

ఇంజను రేస్ చేసేకొద్దీ సన్నటి కూత పెరుగుతుంటే ఆల్టర్నేటర్ చప్పుడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఎర్తే కారణం, పైన చెప్పిన వోల్టు పరీక్ష మళ్లీ చేయండి. అది బాగుంటే ఆర్‌సీఏ, ప్లస్ వైరు ఎక్కడో జతగా నడుస్తున్నాయి.

ఇక గలగలలు. బేస్ వచ్చాక బండిలో అంతకు ముందు నోరు మెదపని ప్రతి వస్తువూ మాట్లాడటం మొదలుపెడుతుంది. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని 30 హెర్ట్జ్ నుంచి 80 దాకా మెల్లగా పెంచుతూ, ఒకరు ఒక్కో చోట అరచేత్తో అదిమి పట్టి చూడండి. ట్రేలో చిల్లర, కళ్లజోడు డబ్బా, వాడని సీటు బెల్టు బకిల్, వెనక నంబరు ప్లేటు, ఈ నాలుగిట్లోనే సగం తేలిపోతుంది. నంబరు ప్లేటు వెనక స్పాంజి టేపు అంటించండి. తలుపుల్లో అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు వేయించుకుంటే ఇంకా మంచిది గానీ, తారు రకం షీట్లు వద్దు, మన ఎండకు కరిగి బండి నిండా వాసన. బ్యుటైల్ రబ్బరువే అడగండి.

నెల తిరిగాక లగ్గులు, ఎర్తు బోల్టు ఒకసారి బిగించుకోండి. అదే సైజు ఫ్యూజులు రెండు గ్లవ్ బాక్సులో పడేయండి. నవంబరులో తుపాను వానలకు రోడ్డు మీద నీళ్లు నిలిచి తలుపు గడప దాకా వస్తే, బండి ఆపిన వెంటనే బ్యాటరీ దగ్గర ఉన్న ఊఫర్ ఫ్యూజు తీసేసి, కార్పెట్ పూర్తిగా ఆరాకే పెట్టండి. స్టీరియో వెనక నుంచి తీసిన కంపెనీ క్లిప్పులు, స్క్రూలు ఒక కవరులో వేసి ఊఫర్ డబ్బాలోనే దాచుకోండి. బండి అమ్మేటప్పుడు ఊఫర్‌ను విప్పి కొత్త బండికి మార్చుకోవచ్చు. కొనేవాడు దానికి విడిగా డబ్బులు ఇవ్వడు.